తిరుపతి వెళ్లే దారిలో బెలుం గుహలు, శిలాతోరణం: కారులో ఎలా ప్లాన్ చేసుకోవాలి

హైదరాబాద్ నుంచి తిరుపతికి కారులో పోయేవాళ్లలో ఎక్కువమంది తెల్లవారుజామున బయలుదేరి, కర్నూల్లో టిఫిన్ కానిచ్చి, నంద్యాల, కడప దాటేసి, చీకటి పడేలోపు అలిపిరి చేరితే చాలనుకుంటారు. ఆ హడావుడిలో, హైవే దిగి గంట, గంటన్నర పోతే మన దేశంలో మైదాన ప్రాంతాల్లోకెల్లా పొడవైన గుహ ఉందన్న సంగతి గుర్తుకే రాదు. గుర్తొచ్చినా "వచ్చేటప్పుడు చూద్దాంలే" అంటారు. వచ్చేటప్పుడు లడ్డూల సంచులు, నిద్ర చాలని పిల్లలు, మర్నాడు ఆఫీసు, ఇక ఎవరాగుతారు? అందుకని చూడాలనుకుంటే వెళ్లేటప్పుడే చూసేయండి, మిగతా ప్లాన్ అంతా దాన్నిబట్టే వేసుకుందాం.

బెలుం గుహలు, తిరుమల కొండ మీది శిలాతోరణం, ఈ రెంటినీ ఒకే ప్రయాణంలో ఎందుకు కలపమంటున్నానంటే, బెలుంలో నీళ్లు రాయిని కరిగించి దారి చేసుకున్నాయి, తిరుమలలో ఉన్నది నీళ్లకి కరగని రాయి, అది విరిగి, రాలి, చివరికి తోరణంగా మిగిలింది. మధ్యలో గండికోట ఉంది, అక్కడ పెన్నా నది కొండని నిలువునా కోసేసింది. విడివిడిగా చూస్తే మూడు టూరిస్ట్ స్పాట్లు, అంతే. వరసగా చూస్తే మాత్రం కారులో పెద్దగా సైన్సు పట్టనివాళ్లు కూడా "ఇక్కడ ఇలా, అక్కడ అలా ఎందుకయింది" అని అడగడం మొదలుపెడతారు.

ముందు దర్శనం టికెట్, తర్వాత మిగతావన్నీ

ప్లాన్ వెనక నుంచి ముందుకి వేయాలి. రూ.300 ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో నెలల ముందే విడుదలవుతాయి, విడుదలైన కాసేపటికే అయిపోతాయి. కాబట్టి ముందు మీ స్లాట్ ఏ తేదీకి దొరికిందో చూసుకుని, దానికి రెండు రోజులు ముందు ఇల్లు కదిలేలా పెట్టుకోండి. మొదటి రోజు కర్నూలు, ఓర్వకల్లు, బనగానపల్లె, యాగంటి, అవుకు, కొలిమిగుండ్ల మీదుగా బెలుం, రాత్రికి గండికోట. రెండో రోజు పొద్దున లోయ, కోట చూసి జమ్మలమడుగు, కడప, రాజంపేట, రేణిగుంట మీదుగా తిరుపతి. మూడో రోజు కొండ మీద దర్శనం, శిలాతోరణం. మామూలు తిరుపతి ట్రిప్పు కన్నా ఒక్క రోజు ఎక్కువ పడుతుంది.

బెంగళూరు వైపు నుంచి వచ్చేవాళ్లకి ఇంకా సులువు. అనంతపురం మీదుగా తాడిపత్రి చేరితే అక్కడి నుంచి బెలుం సుమారు 30 కి.మీ. మాత్రమే. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి, చింతల వెంకటరమణస్వామి గుడి రెండూ చూడదగ్గవి, నల్లరాతి మీద చెక్కిన పని చూస్తే ఆ ఊళ్లో రాయి ఎంత తేలిగ్గా మాట వింటుందో తెలుస్తుంది.

నెల విషయానికొస్తే నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు హాయి. ఏప్రిల్, మే నెలల్లో రాయలసీమ ఎండ గురించి నేను చెప్పక్కర్లేదు, గుహలోకి దిగితే చల్లగా ఉంటుందని ఆశపడితే అదీ కుదరదు, బెలుంలో ఉండేది ఉక్కపోత. వానాకాలంలో కొండలు పచ్చబడి దారి చాలా బాగుంటుంది, కానీ పెద్ద వాన పడ్డాక గుహలోకి నీళ్లు చేరితే సందర్శకుల్ని ఆపేస్తారు, అందుకని ముందురోజు పర్యాటక శాఖ వాళ్లకి ఒక ఫోన్ చేసి తెరిచి ఉందో లేదో కనుక్కోండి. శనివారం రాత్రి గండికోటలో రూము అప్పటికప్పుడు దొరకడం కష్టం, అది కూడా ముందే బుక్ చేసేయండి.

సంచిలో ఏం పెట్టుకోవాలి

పెద్ద ట్రెక్కింగ్ సామానేమీ అవసరం లేదు. అడుగున పట్టు ఉన్న బూట్లు గానీ, వెనక స్ట్రాప్ ఉన్న శాండిల్స్ గానీ తప్పనిసరి. నున్నటి చెప్పులు, హీల్స్ వేసుకుని బెలుంలోకి దిగితే పాతాళగంగ మెట్ల దగ్గర ఏడుపొస్తుంది. పలచటి నూలు బట్టలు వేసుకోండి, ఆడవాళ్లయితే ఆ ఒక్క రోజుకీ చీర పక్కనపెట్టి చుడీదార్ వేసుకుంటే వంగి నడిచే చోట ఇబ్బంది ఉండదు. మనిషికో నీళ్ల సీసా, ఒక చిన్న తువ్వాలు, పైకి వచ్చాక మార్చుకోవడానికి ఒక జత బట్టలు డిక్కీలో పైనే పెట్టుకోండి, అడుగున పెడితే పార్కింగ్‌లో సామానంతా దించాలి. ఇంటికో టార్చిలైటు. గుహలో లైట్లుంటాయి నిజమే, కానీ కరెంటు మీద అంత నమ్మకం పెట్టుకోకూడదు. ఫోన్ లైటు చాలదా అంటే చాలదు, ఎందుకంటే ఆ ఫోన్‌తోనే ఫొటోలు తీసి తీసి సగం దారిలోనే బ్యాటరీ అయిపోగొడతారు.

బండి విషయంలో ఒక్కటే మాట. బనగానపల్లె నుంచి కొలిమిగుండ్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల లారీలు, బండల లారీలు ఎక్కువ. ఆ రోడ్ల మీద రాత్రి డ్రైవింగ్ పెట్టుకోవద్దు. కర్నూలు దాటేలోపు ట్యాంకు నింపేసి, టైర్లలో గాలి చూపించుకుంటే సగం టెన్షన్ పోతుంది.

రాయి గురించి రెండు ముక్కలు, దారిలో పిల్లలకి చెప్పడానికి

మన ఇళ్లలో వంటగట్టు మీద పరిచే నల్ల బండ, వసారాలో వేసే బండ, ఊరిని బట్టి కడప బండ, బేతంచెర్ల బండ, తాడిపత్రి బండ అంటాం, ఆ నాపరాళ్ల కుటుంబానిదే బెలుం గుహ ఉన్న రాయి కూడా. కోట్ల ఏళ్ల క్రితం ఇక్కడ సముద్రం ఉండేది, దాని అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపు బురద ఇలా గట్టిపడింది. అడ్డంగా పొరలు ఉండబట్టే గని కూలీలు దాన్ని పలకల్లా లేపగలుగుతున్నారు, గుహలో చాలా చోట్ల పైకప్పు చదునుగా కనిపించడానికీ అదే కారణం. బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు రోడ్డు పక్కన బండలు నిలబెట్టి పేర్చిన పాలిష్ ఫ్యాక్టరీలు కనిపించినప్పుడు ఒక్క నిమిషం ఆపి ఒక బండ అంచుని పక్క నుంచి చూపించండి. తర్వాత గుహలో గోడ మీద అవే గీతలు వాళ్లే గుర్తుపడతారు.

గుహ ఎలా పడుతుందన్నది కూడా తేలికే. వాన నీరు మట్టిలోంచి దిగుతూ కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కొంచెం పులుపెక్కుతుంది, ఆ పులుపుకి సున్నపురాయి కరుగుతుంది. రాతిలో పగుళ్లు ఎక్కడుంటే అక్కడ నీరు ముందు దూరి, పగులుని సందు చేసి, సందుని సొరంగం చేస్తుంది. నీటిమట్టం కిందికి దిగిపోయాక ఆ సొరంగాల్లోకి గాలి చేరుతుంది. అప్పుడు పైనుంచి కారే బొట్టు తనలోని గ్యాస్‌ని వదిలేస్తూ సున్నాన్ని అక్కడే అంటించిపోతుంది, అలా పైనుంచి వేలాడేది స్టాలక్‌టైట్, కింద నేల మీంచి పైకి లేచేది స్టాలగ్మైట్. రెండూ కలిస్తే స్తంభం. ఇంతకు మించి చెప్పబోతే వెనక సీట్లో నిద్రపోతారు.

మొదటి రోజు పొద్దున: ఓర్వకల్లు, యాగంటి

హైదరాబాద్ నుంచి కర్నూలు 215 కి.మీ. దాకా ఉంటుంది, నాలుగున్నరకల్లా ఇల్లు కదిలితే ఎనిమిదిన్నరకి ఉగ్గాణి, బజ్జీ ముందు కూర్చోవచ్చు. అక్కడి నుంచి నంద్యాల రోడ్డులో ఓర్వకల్లు రాక్ గార్డెన్ వస్తుంది. రాళ్ల ఆకారాలు బాగానే ఉంటాయి, కానీ అది సున్నపురాయి కాదు, గుహలూ కావు, అరగంట కాళ్లు సాగదీసుకోవడానికి ఆగితే చాలు. ఆలస్యమైతే మొహమాటం లేకుండా వదిలేయండి.

యాగంటి మాత్రం వదలకండి. పాణ్యం దాటాక హైవే దిగి బనగానపల్లె చేరితే, అక్కడి నుంచి కొంచెం దూరమే. ఎర్రటి కొండ అంచు కింద ఉమామహేశ్వరస్వామి గుడి, ఎప్పుడూ నీళ్లుండే కోనేరు, ఏటా పెరుగుతాడని చెప్పుకునే బసవన్న, అగస్త్యుడి శాపం వల్ల కాకులు రావనే కథ, ఇవన్నీ మీరు వినే ఉంటారు. మన పనికి సంబంధించినవి గుడి పక్కన కొండలో ఉన్న అగస్త్య గుహ, వేంకటేశ్వర గుహ, వీరబ్రహ్మం గుహ. మూడింటికీ ఎక్కలేకపోతే అగస్త్య గుహ ఒక్కటి చూడండి, మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని కోనేటి దగ్గరే కూర్చోబెట్టడం మంచిది. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానంలో కొంత భాగం ఇక్కడి గుహలో కూర్చుని రాశారని నమ్మకం. బనగానపల్లె దగ్గరే రవ్వలకొండ గుహలున్నాయి, ఆయన చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లు అక్కడికీ వెళ్తారు, కానీ రెండూ పెట్టుకుంటే బెలుంకి పొద్దుపోతుంది. వేసవి మొదట్లో వెళ్తే బనగానపల్లెలో మామిడికాయలు మాత్రం ఎలాగూ డిక్కీ ఎక్కుతాయి.

పన్నెండు లోపు యాగంటి నుంచి కదలండి. అవుకు రిజర్వాయర్ పక్క నుంచి పోయే రోడ్డు, ఆ కొండలు, ఈ మొత్తం ప్రయాణంలో కారు కిటికీ అద్దం దించి చూడాల్సిన ముక్క ఇదే.

బెలుంలోకి దిగే పద్ధతి

బెలుం గుహలు నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో ఉన్నాయి (2022 దాకా కర్నూలు జిల్లా). దూరం నుంచి చూస్తే చదును చేల మధ్య పెద్ద బుద్ధుడి విగ్రహం తప్ప ఏమీ కనిపించదు. కొండ లేదు, గుట్ట లేదు, "ఇక్కడ గుహేంటి" అనిపిస్తుంది. నేలలో బావుల్లాంటి మూడు గుంతలున్నాయి, మధ్య గుంతలోంచే దిగాలి. సాధారణంగా పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా తెరిచి ఉంటుంది, కానీ నాలుగు తర్వాత చేరితే తొందర తొందరగా తిప్పి పంపేస్తారు, అందుకని రెండింటికల్లా కౌంటర్ దగ్గర ఉండేలా చూసుకోండి.

టికెట్ తీసుకోగానే చేయాల్సిన మొదటి పని బాత్‌రూమ్‌కి వెళ్లి రావడం. నవ్వకండి, లోపలికి వెళ్తే గంటన్నర, రెండు గంటలు పడుతుంది, మధ్యలో అలాంటి సౌకర్యం ఉండదు. భోజనం దిగేముందు కడుపు నిండా తినొద్దు, ఏదో తేలిగ్గా తిని, అసలు భోజనం పైకి వచ్చాక పెట్టుకోండి. బీపీ, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు లోతుగా వెళ్లకుండా మొదటి హాలు వరకు చూసి తిరిగి రావడం మేలు. మూసుకున్న చోటంటే గాభరా పడేవాళ్లు కూడా అంతే, "ఏం కాదు రా" అని లాక్కెళ్లొద్దు, ఇరుకు దారిలో మధ్యలో వాళ్లు ఆగిపోతే వెనకున్న అందరూ ఆగిపోతారు.

గైడ్‌ని తప్పకుండా వెంట తీసుకోండి. బోర్డులు చూసుకుంటూ పోవచ్చు కానీ, ఏ సందు ఎటు పోతుందో, ఎక్కడ తల వంచాలో, ఏ లైటు వేస్తే ఏ ఆకారం కనిపిస్తుందో వాళ్లకే తెలుసు. మొత్తం గుహ పొడవు 3,229 మీటర్లు. అందులో సందర్శకుల్ని తిప్పేది ఒకటిన్నర కిలోమీటర్ల దాకానే.

దిగాక మొదటి పది నిమిషాలు నెమ్మదిగా నడవండి, కళ్లు అలవాటు పడాలి, ఒంటికి ఆ ఉక్క అలవాటు పడాలి. లోపలికి గొట్టాల ద్వారా బయటి గాలిని పంపిస్తారు, ఆ గాలి తగిలే చోట్ల కాసేపు నిలబడి మళ్లీ కదలండి, ఊరికే ముందుకి ముందుకి పోవద్దు. సింహద్వారం దగ్గర పైనుంచి వేలాడే రాళ్లు సింహం తల ఆకారంలో కమానుగా ఏర్పడ్డాయి, గుహలోపలే ఒక తోరణం అన్నమాట, తిరుమలలో చూడబోయే దానికి దీన్ని గుర్తుపెట్టుకోండి. కోటిలింగాలు అన్న చోట లింగాల్లాంటి ఆకారాలు గుంపుగా ఉంటాయి, అక్కడే పైదీ కిందదీ కలిసిపోయిన పెద్ద స్తంభం ఉంది. ఊడలమర్రి దగ్గర స్తంభం చుట్టూ ఊడలు దిగినట్టే ఉంటుంది. వేయి పడగలు అనే చోట పైకప్పు మొత్తం పాము పడగలు విప్పినట్టుంటుంది, అక్కడ మాత్రం ఫోన్ జేబులో పెట్టి కాసేపు తల పైకెత్తి చూడండి, ఫొటోలో అది సరిగ్గా రాదు.

పాతాళగంగ అన్నిటికన్నా లోతు, పై నేల నుంచి 46 మీటర్లు. మెట్లు తడిగా ఉంటాయి, కొన్ని చోట్ల నడుం వంచే దిగాలి. అక్కడ ఎప్పుడూ పారే చిన్న నీటిపాయ ఒకటి ఆగ్నేయం నుంచి వాయవ్యం వైపు పారి రాతిలోకి మాయమైపోతుంది. రెండు కిలోమీటర్ల దూరంలో బెలుం ఊళ్లోని బావిలోకి చేరుతుందని అక్కడివాళ్లు నమ్ముతారు. నీళ్లు గుహని తొలిచే పని ఇంకా అయిపోలేదని చూపించే చోటు ఇదొక్కటే కాబట్టి ఓపిక ఉన్నవాళ్లు దిగాలి, పిల్లల్ని ముందు కాకుండా ఇద్దరు పెద్దవాళ్ల మధ్య నడిపించండి.

సప్తస్వరాల గుహలో రాళ్లని కొడితే ఒక్కోటి ఒక్కో స్వరం పలుకుతుంది. గైడ్ వినిపిస్తే వినండి, మీరు మాత్రం కొట్టొద్దు, రోజూ ఎన్ని వందలమంది కొడితే ఎన్నాళ్లు ఉంటుంది చెప్పండి. అలాగే వేలాడే రాళ్లని చేత్తో పట్టుకోవడం. చేతి జిడ్డు అంటిన చోట నీటిబొట్టు నిలవదు, అక్కడితో దాని పెరుగుదల ఆగిపోతుంది, రాయి నల్లబడుతుంది. లైట్ల దగ్గర గోడ మీద పచ్చగా నాచులా కనిపిస్తుంది చూడండి, అదీ మన వల్లే, చీకటి గుహలోకి మనం వెలుతురు తెచ్చాక మొలిచింది. పేర్లు చెక్కినవాళ్ల గురించి నేనేమీ అనను, అంటే బూతులొస్తాయి.

ఈ గుహ గురించి 1884లో మొదట రాసింది రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే బ్రిటిష్ భూవైజ్ఞానికుడు. తర్వాత దాదాపు వందేళ్లు ఎవరూ పట్టించుకోలేదు, ఊళ్లవాళ్లు చెత్త వేసుకునేవారు. 1980ల మొదట్లో డానియెల్ గెబౌర్ అనే జర్మన్ తన బృందంతో వచ్చి కొలతలు తీశాడు, లోపల ఒక హాలుకి ఆయన పేరే ఉంది. పర్యాటక శాఖ దారులు, లైట్లు వేసి 2002లో జనానికి తెరిచింది. బౌద్ధ, జైన సన్యాసులు ఇక్కడ ఉండేవారంటారు, బయటి బుద్ధుడు అందుకే.

బొర్రా గుహలు చూసినవాళ్లు బెలుంలో కాస్త నిరాశపడతారు, ఎందుకంటే బొర్రాలో ఉన్నంత ఎత్తైన హాలు, లావుపాటి ఆకారాలు ఇక్కడ లేవు. కానీ బొర్రాని నిలబడి చూస్తాం, బెలుంలో నడుస్తాం, దూరుతాం, వంగుతాం. నన్నడిగితే గుహంటే బెలుమే.

పైకి వచ్చాక వెంటనే స్టీరింగ్ పట్టుకోకండి. బట్టలు మార్చుకుని, మజ్జిగో నిమ్మకాయ సోడానో తాగి, ఇరవై నిమిషాలు చెట్టు కింద కూర్చుని కదలండి.

ఇంకో రోజు ఉంటే: బిలసర్గం

ఇది అందరికీ కాదు. బేతంచెర్ల దగ్గర కనుమకింద కొట్టాల ఊరి వైపు బిలసర్గం గుహలున్నాయి. ఫూట్, ఆయన కొడుకు హెన్రీ కలిసి 1884, 85లలో ఇక్కడే తవ్వి జంతువుల శిలాజాలు బయటికి తీశారు, మన దేశంలో గుహల తవ్వకాల చరిత్ర చెప్పాలంటే దీని పేరు రాకుండా ఉండదు. పైకప్పులు కూలిపోయి ఆకాశం కనిపించే సొరంగాలు ఇవి. కూలినచోట వాగులోయలా తెరుచుకుంది, కూలకుండా మిగిలిన రాయి నెత్తిమీద కమానులా నిలబడింది, సున్నపురాయి తోరణం ఎలా పుడుతుందో ఇక్కడ కళ్లముందే ఉంటుంది. బెలుంలోలాగా లైట్లు, మెట్లు, గైడ్లు ఉంటారని మాత్రం వెళ్లకండి. ఊళ్లో ఆగి "అన్నా, బిలసర్గం యాడ?" అని అడిగి, తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని, పొద్దున పూట, ఎండ ముదరకముందే చూసి వచ్చేయాలి. వదులు రాళ్ల కింద నిలబడొద్దు. దీన్ని కలుపుకుంటే మొదటి రాత్రి గండికోటకి బదులు నంద్యాలలో ఉండిపోండి.

గండికోట

బెలుం నుంచి జమ్మలమడుగు మీదుగా గండికోట 60 కి.మీ. పైచిలుకు. చీకటి పడేలోపు చేరితే సూర్యాస్తమయం దొరుకుతుంది, దొరక్కపోయినా పరవాలేదు, ఇక్కడ అసలు చూడాల్సింది పొద్దున. కోటలో మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం దాటి బండరాళ్ల మీదుగా నడిస్తే ఎర్రమల కొండల్ని చీల్చుకుని పోయే పెన్నా కనిపిస్తుంది. లోయ లోతు దాదాపు 300 అడుగులు. అంచు పొడవునా రెయిలింగ్ ఉండదు, సెల్ఫీ కోసం వెనక్కి అడుగులేసేవాళ్ల మీద ఒక కన్నేసి ఉంచండి, గాలి కూడా గట్టిగా వీస్తుంది.

ఇక్కడ గోడల్ని గమనించండి. నిలువుగా, పలకలు పలకలుగా, ఇటుకలు పేర్చినట్టు విరిగి ఉంటాయి. ఇది క్వార్ట్‌జైట్, అంటే గట్టిపడిన ఇసుకరాయి. వాన నీటి పులుపుకి కరగదు, కాబట్టి లోపల గుహలు తొలిచే అవకాశం లేదు, పగుళ్ల వెంట ముక్కలుగా విరిగిపడటమే. నిన్న చూసిన రాయికీ దీనికీ తేడా పిల్లల చేత చెప్పించండి. రాత్రి జమ్మలమడుగు వైపు రాగిసంకటి, నాటుకోడి పులుసు దొరికితే వదలొద్దు, కానీ మూడో రోజు కొండ ఎక్కుతున్నారు కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లని అడిగి తినండి.

కడప నుంచి తిరుపతి

కడపలో ఎర్రకారం దోసె తిని బయలుదేరితే 140 కి.మీ. ఒంటిమిట్ట కోదండరామస్వామి గుడి రోడ్డు పక్కనే, తాళ్లపాక కూడా ఈ దారిలోనే. రాజంపేట దాటాక శేషాచలం కొండలు దగ్గరపడతాయి, ఎర్రచందనం అడవులివి. అడవి మధ్యలో కారు ఆపి ఫొటోలు దిగే సరదా ఇక్కడ వద్దు.

తిరుమలలో శిలాతోరణం

అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గర సిగరెట్లు, మందు, మాంసాహారం, డ్రోన్లు ఏవీ పైకి పంపరు, ప్లాస్టిక్ సీసాలూ వద్దు, ఇవన్నీ కిందనే ఖాళీ చేసుకోండి. ఎక్కే ఘాట్ రోడ్డు వేరు, దిగేది వేరు. నిర్ణీత సమయం కన్నా ముందే పైకి చేరితే వేగంగా నడిపారని జరిమానా పడుతుంది.

దర్శనం అయ్యాక కాకుండా, వీలైతే దర్శనానికి ముందు పొద్దున్నే శిలాతోరణం చూసేయండి. క్యూలోంచి బయటపడ్డాక కాళ్లు లాగుతుంటే రాళ్లు చూసే ఓపిక ఎవరికీ ఉండదు. గుడి నుంచి సుమారు కిలోమీటరు, చక్రతీర్థం పక్కన. నడిచి పోవచ్చు, జీపులూ టాక్సీలూ దొరుకుతాయి. చీకటి పడ్డాక వద్దు, చుట్టూ చిరుతలు తిరిగే అడవి.

తోరణం వెడల్పు 8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. ఫొటోల్లో చూసి చాలా పెద్దదనుకుని వెళ్తారు, కంచె అవతల కనిపించేసరికి "ఇంతేనా" అంటారు. అందుకే నిన్నటి గండికోట అవసరం. అదే రకం రాయి అక్కడ ఎలా విరిగిందో చూసి వస్తే, ఇక్కడ కిందిదంతా విరిగి రాలిపోయి, రెండు రాళ్ల గుట్టల మధ్య పైన ఒక సన్నటి పలక మాత్రం వంతెనలా ఎలా నిలిచిందా అని ఆగి చూస్తారు. 1980లలో భూవైజ్ఞానికులు ఈ కొండల్ని పరిశీలిస్తూ దీని గురించి బయటి ప్రపంచానికి చెప్పారు, ఇప్పుడిది జాతీయ భూవైజ్ఞానిక స్మారకం. స్వామివారు వైకుంఠం నుంచి దిగి రెండో అడుగు ఇక్కడ వేశారని భక్తుల నమ్మకం.

రెండు విషయాల్లో మాత్రం గైడ్ల మాట, వాట్సాప్ మాట నమ్మొద్దు. తోరణం వయసు 150 కోట్ల ఏళ్లంటారు. ఆ వయసు రాయిది. ఆ రాతిలో తోరణం ఆకారం చెక్కుకుపోయింది చాలా ఆలస్యంగా. ఇంకోటి, ఆసియా మొత్తానికి ఇదొక్కటే అంటారు. చైనాలో షింజియాంగ్ ప్రాంతంలో షిప్టన్ తోరణం అని దీనికన్నా ఎన్నో రెట్లు పెద్దది ఉంది, మన అండమాన్లలోనే నీల్ ద్వీపంలో (ఇప్పుడు షహీద్ ద్వీప్ అంటున్నారు) సముద్రం ఒడ్డున పగడపు రాయి వంతెన ఉంది. ఒక్కటే కాకపోయినంత మాత్రాన మనదానికి వచ్చిన లోటేమీ లేదు.

దిగేటప్పుడు

ఘాట్ రోడ్డులో ఆపకూడదు, కాబట్టి ఇది పక్క సీట్లో ఉన్నవాళ్ల పని. కొండ వాలుని గమనిస్తూ రండి. పైభాగంలో నిటారు గోడలుగా, పొరలుగా ఉన్న క్వార్ట్‌జైట్, దాని కింద పొరలు లేని గ్రానైట్ జాతి రాయి, రెండూ కలిసే గీత కొన్ని మలుపుల దగ్గర స్పష్టంగా తెలుస్తుంది. ఆ గీతకి కిందా పైనా ఉన్న రాళ్ల వయసుల మధ్య పదుల కోట్ల ఏళ్ల తేడా ఉంది, ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు, ఇది కూడా జాతీయ స్మారకమే. డ్రైవర్‌కి చూపించాలని భుజం తట్టకండి, మలుపులు చాలా మెలికలుంటాయి, వీడియో తీసి కింద చూపించండి.

తిరుగు ప్రయాణం మాత్రం మళ్లీ గుహల దారిలో వద్దు. కడప దాకా వచ్చి అక్కడి నుంచి మైదుకూరు, నంద్యాల మీదుగా 40వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే నేరుగా కర్నూలు. పొద్దున ఆరింటికి తిరుపతిలో బయలుదేరితే భోజనం నంద్యాలలో పెట్టుకోవచ్చు.